కోన్ అంచులు కలవకపోతే తప్పు ప్రింటర్‌దేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. గుణుపూర్ దగ్గర మీకు ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. రైస్ మిల్లుకు దుమ్ము పట్టే సైక్లోన్ చేస్తున్నారు. దాని కోన్ పై మూతి లోపలి వ్యాసం 800, కింది మూతి 200, ఎత్తు 900 మి.మీ., షీటు 3 మి.మీ. ఎమ్మెస్ (మైల్డ్ స్టీలు). కంప్యూటర్లో డెవలప్‌మెంట్ (కోన్‌ను విప్పి చదును చేస్తే వచ్చే ఆకారం) తీసి, ఏ4 కాగితాల మీద 1:1 ప్రింట్ కొట్టి, అతికించి, షీటు మీద మార్క్ చేసి, కోసి రోల్ చేశారు. పై రింగుకు ఆనించి చూస్తే సీమ్ (రెండు అంచులు కలిసే అతుకు) దగ్గర దాదాపు 10 మి.మీ. ఖాళీ మిగిలింది. ఏ4 ప్రింటర్‌తో ఇంతేనా, ప్లాటర్ (పెద్ద కాగితం ప్రింటర్) దగ్గరికి వెళ్ళాలా, అసలు ఫుల్ సైజు ప్రింట్ సరిగ్గా ఎలా తీయాలి అని మీ ప్రశ్న.

ప్లాటర్ కోసం బరంపురమో విశాఖో బయలుదేరే ముందు ఒక పని చేయండి. పై మూతి దగ్గర ఖాళీ కొలిచినట్టే కింది మూతి దగ్గరా కొలవండి. పైన వచ్చిన 10 మి.మీ. గురించి రాశారు గానీ కింద ఎంత వచ్చిందో రాయలేదు. తప్పు ఎక్కడ పుట్టిందో తేల్చేది ఆ రెండో కొలతే.

ప్రింట్ వల్ల వచ్చే తేడా శాతాల్లో ఉంటుంది. మీ పై అంచు పొడవు 2513 మి.మీ. అందులో 10 తగ్గిందంటే 0.4 శాతం. కింది అంచు 628 మి.మీ. కాబట్టి అదే 0.4 శాతం అక్కడ రెండున్నర మి.మీ. మాత్రమే అవుతుంది. కాగితాలు అతికించడంలో జరిగిన తప్పయినా దాదాపు ఇలాగే ఉంటుంది. పై అంచు పది పదకొండు జాయింట్లు దాటి వెళ్తుంది, కింది అంచు మూడు దాటితే ఎక్కువ. అంటే సీమ్ ఖాళీ పైన వెడల్పుగా ఉండి, కిందకు పోయే కొద్దీ సన్నబడాలి. అలా కాకుండా పైనా కిందా ఒకే 10 మి.మీ. ఉండి, సీమ్ పొడవునా ఖాళీ సమానంగా ఉంటే ప్రింటర్‌కు దానితో సంబంధం లేదు. షీటు మందం లెక్కలోకి రాలేదన్నమాట.

మీరు ఇచ్చిన కొలతలు చూస్తే నాకు ఈ రెండోదే జరిగిందనిపిస్తోంది. షీటును రోల్ చేసినప్పుడు లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది, మందం మధ్యలో ఉన్న పొర మాత్రం మారదు. అందుకే రోల్ చేసే పనికి డెవలప్‌మెంట్ మధ్య వ్యాసం మీద తీయాలి. నేరుగా ఉండే డ్రమ్ముకు లోపలి వ్యాసం మీద తీస్తే చుట్టుకొలత 'పై' (3.1416) గుణించు మందం అంత తగ్గుతుంది. 3 మి.మీ. షీటుకు అది 9.4. కోన్‌లో షీటు వాలుగా ఉంటుంది కాబట్టి అడ్డంగా కొలిస్తే మందం 3.16 పడుతుంది, లోటు 9.9 అవుతుంది. మీ 10 మి.మీ. సరిగ్గా అదే. వ్యాసం 800 అయినా 200 అయినా ఈ లోటు మారదు, అందుకే కింద కూడా కొలవమన్నాను.

సాఫ్ట్‌వేర్‌లో ఇది కే-ఫ్యాక్టర్ అనే చోట దాగి ఉంటుంది. కే అంటే మారని పొర లోపలి ముఖం నుంచి మందంలో ఎన్నో వంతు దూరంలో ఉందో చెప్పే అంకె. రోలింగ్‌కు 0.5 పెట్టండి. ప్రెస్ బ్రేక్ (షీటును మడతగా వంచే మెషిన్) మీద గట్టిగా వంచే పనికి ఆ పొర లోపలి వైపు జరుగుతుంది, మామూలుగా 0.33 నుంచి 0.45 మధ్య ఉంటుంది. ఇన్వెంటర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మనం మార్చకపోతే ఉండేది 0.44. దాన్ని అలాగే వదిలేసి రోలింగ్ పని తీసేవాళ్ళు చాలామంది. కోన్‌ను షీట్ మెటల్ పార్టుగా కాకుండా ఉత్త గీతలతో 2డీలో గీస్తే అసలు కే అన్న ప్రస్తావనే రాదు, ఏ వ్యాసం వేస్తే దానికే విప్పుకుంటుంది. మీరు అలా గీశారేమో చూసుకోండి.

బెండింగ్ పనికి పుస్తకంలోని కే కంటే మీ మెషిన్ చెప్పే కొలతే నమ్మాలి. మీరు వాడే షీటులోంచి సరిగ్గా 100 మి.మీ. పట్టీ కోసి, మీ డై (షీటు వంగే అచ్చు)లో 90 డిగ్రీలు వంచి, రెండు కాళ్ళూ బయటి నుంచి వెర్నియర్‌తో కొలిచి కలపండి. 2 మి.మీ. షీటు, లోపలి రేడియస్ 2 ఉంటే మొత్తం 103.5 దగ్గర వస్తుంది. ఆ మూడున్నరే బెండ్ డిడక్షన్. దాన్ని నేరుగా సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వండి. షీటు గేజ్ మారినా, డై మారినా మళ్ళీ చేయాలి. ఇక్కడ షాపుల్లో 16 గేజ్ అని ఇచ్చే షీటు 1.6 దగ్గర ఉండవచ్చు, 1.5 కూడా ఉండవచ్చు. అందుకే మైక్రోమీటర్ పెట్టకుండా మందం రాయకండి.

ఇప్పుడు ప్రింట్ సంగతి. 1:1 అనేది మూడు నాలుగు చోట్ల చెడే అవకాశం ఉంది, అన్నీ సరిగ్గా ఉంటేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. సాలిడ్‌వర్క్స్‌లో డ్రాయింగ్ తెరిచి ఫ్లాట్ ప్యాటర్న్ (విప్పిన ఆకారం) వ్యూ పెట్టండి, వ్యూ స్కేల్ 1:1 ఇవ్వండి, షీట్ ప్రాపర్టీస్‌లో కస్టమ్ సైజు తీసుకుని ప్యాటర్న్ మొత్తం పట్టే కాగితం కొలత రాయండి. పేజ్ సెటప్‌లో 'స్కేల్ టు ఫిట్' తీసేసి 100 శాతం పెట్టండి. ఆటోక్యాడ్ అయితే ప్లాట్ విండోలో 'ఫిట్ టు పేపర్' టిక్ తీసి, 1 మి.మీ. ఈక్వల్స్ 1 యూనిట్ పెట్టండి. ఇన్వెంటర్ ప్రింట్ విండోలో 'మోడల్ 1:1' అనీ, పేజీలుగా విడగొట్టే 'టైలింగ్' అనీ ఉంటాయి. డీఎక్స్‌ఎఫ్ (వేరే సాఫ్ట్‌వేర్‌లోనూ తెరుచుకునే డ్రాయింగ్ ఫైలు)గా మార్చి వేరే చోట తెరిచినప్పుడు బొమ్మ 25.4 రెట్లు తేడాగా వచ్చిందంటే అంగుళాలు, మి.మీ. తారుమారయ్యాయి. ఇది వెంటనే కనిపించిపోతుంది కాబట్టి దీనితో ప్రమాదం లేదు.

ప్రమాదమంతా కనిపించని తప్పుతోనే. జిరాక్స్ షాపుకు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపుతాం. అక్కడి కుర్రాడు దాన్ని బ్రౌజర్‌లోనే తెరిచి ప్రింట్ కొడతాడు. అందులో 'ఫిట్ టు పేజ్' ఉంటే బొమ్మ 96, 97 శాతానికి కుదించుకుపోతుంది, కంటికి తెలియదు. మీ ప్యాటర్న్ 2120 మి.మీ. పొడవు, దానికి 3 శాతం అంటే దాదాపు 64 మి.మీ. పీడీఎఫ్‌ను అక్రోబాట్ రీడర్‌లో తెరిపించి 'యాక్చువల్ సైజ్' పెట్టించండి. ఏ4, ఏ3 ముక్కలుగా కావాలంటే 'పోస్టర్' నొక్కి, టైల్ స్కేల్ 100, ఓవర్‌ల్యాప్ 10 మి.మీ., కట్ మార్క్స్, లేబుల్స్ పెట్టండి. ఆ తర్వాత ప్రింటర్ సొంత సెట్టింగుల్లో కూడా ఒక స్కేలింగ్ ఉంటుంది, అదీ చూడాలి. ఎవరైనా ఫోటో తీసో స్క్రీన్‌షాట్ కొట్టో పంపిస్తే మాత్రం దాన్ని పక్కన పడేయండి, అందులో కొలత అనేదే ఉండదు.

ఎన్ని సెట్టింగులు చూసుకున్నా చివరి మాట స్టీలు స్కేలుదే. డ్రాయింగ్‌లోనే ప్యాటర్న్ పక్కన పొడవునా ఒక గీత, అడ్డంగా ఒక గీత పెట్టండి. 50 మి.మీ. చిన్న డబ్బా పెట్టి కొలిచేవాళ్ళున్నారు, దానితో అర శాతం తేడా కూడా పట్టుకోలేరు. ఏ4 మీద అయినా పొడవునా 250, అడ్డంగా 180 మి.మీ. గీత పడుతుంది, ప్లాటర్ మీద అయితే 1000 పెట్టండి. రెండు దిక్కులా పెట్టడానికి కారణం ఉంది. ఇంక్ హెడ్ అడ్డంగా తిరుగుతుంది, కాగితం రోలర్ల మీద పొడవుగా జారుతుంది. ఈ రెండింటి తప్పులు వేరు వేరు, సాధారణంగా కాగితం జరిగే దిక్కులోనే తేడా ఎక్కువ. ఒక దిక్కులో సరిగ్గా ఉండి రెండో దిక్కులో తేడా వస్తే మీ వృత్తం దీర్ఘవృత్తం అవుతుంది. ఆ తేడా ఎప్పుడూ ఒకేలా వస్తుంటే ప్రింటర్ మెనూలో పేపర్ అడ్వాన్స్ క్యాలిబ్రేషన్ చేయించండి.

ప్లాటర్ అనగానే ఖచ్చితం అనుకోవద్దు. హెచ్‌పీ డిజైన్‌జెట్‌లకు కంపెనీ చెప్పుకునే లైన్ అక్యురసీ సాధారణంగా 0.1 శాతం. అది కూడా 23 డిగ్రీల దగ్గర, 50 నుంచి 60 శాతం తేమలో, ఫిల్మ్ మీద ప్రింట్ చేస్తే. 2120 మి.మీ.కు రెండు మి.మీ. వరకూ తేడా వచ్చినా మెషిన్ బాగున్నట్టే లెక్క. ఇక మామూలు కాగితం తేమ పీల్చుకుని సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, అదీ పీచు నడిచే దిక్కుకు అడ్డంగా ఎక్కువ. రాయగడ పక్కన జేకేపూర్ పేపర్ మిల్లులో పనిచేసే వాళ్ళు మీకు తెలిసినవాళ్ళుంటే అడగండి, కాగితం ఏ దిక్కులో ఎందుకు సాగుతుందో మనకంటే బాగా చెప్తారు. శ్రావణంలో మన కొండల మధ్య గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. విశాఖలో ఏసీ గదిలో కొట్టించిన ప్రింట్‌ను రైల్లో తెచ్చి రెండు రోజులు షెడ్డులో పెడితే మీటరుకు ఒక మి.మీ. మారినా నేను ఆశ్చర్యపోను. అక్కడ కొలిచిన గీతను షెడ్డులో మార్క్ చేసే ముందు మళ్ళీ కొలవండి. తెచ్చేటప్పుడు మడతపెట్టకుండా పీవీసీ పైపు ముక్కలో చుట్టి తెండి. అర మి.మీ. కూడా ముఖ్యమైన పనికి పాలిస్టర్ ఫిల్మ్ మీద కొట్టించండి, తేమకు దాదాపుగా కదలదు.

ఏ4 ముక్కలు అతికించక తప్పని రోజులుంటాయి, ఊళ్ళో అదే దొరుకుతుంది మరి. మీ కోన్‌కు 50 పైచిలుకు పేజీలు పడి ఉంటాయి. ఒక్కో జాయింట్‌లో అర మి.మీ. జరిగినా పదకొండు జాయింట్లకు అయిదున్నర మి.మీ. కాబట్టి పేజీని పక్క పేజీకి ఆనించి పోతూ అతికించకూడదు. డ్రాయింగ్‌లో ప్యాటర్న్ వెనక 100 మి.మీ. గళ్ళు సన్నగా గీసి, దానితో సహా ప్రింట్ తీయండి. చదునైన షీటు మీద పొడవునా ఒక గీత స్క్రైబర్‌తో గీసి, 100 మి.మీ.కు ఒక గుర్తు పెట్టండి. ప్రతి పేజీ గళ్ళనూ ఆ గుర్తులకు కలపండి. అప్పుడు ఒక పేజీలో జరిగిన తప్పు తర్వాతి పేజీకి పాకదు. అంతా అయ్యాక మొత్తం గళ్ళ ఎదురెదురు మూలలు, రెండు కర్ణాలూ కొలవండి, సమానంగా ఉండాలి. అతికించడానికి మైదా జిగురు, నీళ్ళు కలిపిన ఫెవికాల్ వద్దు, తడికి కాగితం అక్కడికక్కడే సాగుతుంది. టేపు గానీ స్ప్రే గమ్ గానీ వాడండి.

గీత మందం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక మి.మీ. మందం గీతకు ఈ పక్కన కోస్తారా ఆ పక్కన కోస్తారా అన్నదే రెండు అంచుల్లో కలిపి రెండు మి.మీ. తేడా తెస్తుంది. 0.18 లేదా 0.13 పెట్టండి. కోత గీత నల్లగా, వంపు గీత వేరే రంగులో ఉండాలి. పైకి వంచేదానికీ కిందకు వంచేదానికీ తేడా ఉండాలి, ఒకటి పూర్తి గీత, ఒకటి తెగిన గీత. షీటుకు ఏ ముఖం మీద కాగితం అతికిస్తారో అది కూడా రాయాలి. లేకపోతే కుడి ముక్క ఎడమ ముక్క అవుతుంది. మన దగ్గర ఫిట్టర్లలో సగం మంది ఒడియా చదువుతారు, సగం మంది తెలుగు చదువుతారు, కొందరు రెండూ చదవరు. అందుకే నేను అక్షరాల మీద ఆధారపడను. బాణాలు, రంగులు పెడతాను. ప్రింట్ తీశాక స్కెచ్ పెన్నుతో 'పైన' అని తెలుగులో, 'ఉపర' అని ఒడియాలో పెద్దగా రాస్తాను. ఆటోక్యాడ్ ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో మన లిపులు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి కాబట్టి చేత్తో రాయడమే నయం.

కాగితం మీద ఉన్నదాన్ని షీటు మీదికి దించేటప్పుడు పంచ్ వాడండి. మూలల్లో, వంపు గీతల రెండు చివర్లలో, వంకరల మీద 20, 25 మి.మీ.కు ఒకటి చొప్పున కాగితం మీదుగానే పంచ్ కొట్టి, కాగితం తీసేసి, చుక్కలను వంగే స్టీలు స్కేలుతో కలపండి. గ్యాస్‌తో గానీ ప్లాస్మాతో గానీ కోస్తే కాగితం ఎలాగూ కాలిపోతుంది, చుక్కలే మిగులుతాయి. అదే ముక్క మళ్ళీ మళ్ళీ కావాలంటే మొదటి ప్రింట్‌తో 22 గేజ్ జీఐ (జింక్ పూత) షీటుతో టెంప్లేట్ ఒకటి చేసి, దాన్ని కొలిచి, సరిగ్గా ఉంటే దాని మీదే జాబు పేరు, మందం, తేదీ పంచ్ చేసి గోడకు తగిలించండి. తర్వాత కాగితం అక్కర్లేదు.

ఇంత చెప్పాక ఒక మాట సూటిగా చెప్పాలి. ఈ కోన్‌కు ప్రింటే అవసరం లేదు. సాదా కోన్ డెవలప్‌మెంట్ అంటే ఒకే కేంద్రం మీద రెండు చాపాలు. మందం సరిచేసిన లెక్కలో మీ పెద్ద వ్యాసార్ధం 1269.9, చిన్నది 321.2, కోణం 113.84 డిగ్రీలు. మీరు లోపలి వ్యాసం మీద తీసినవి 1264.9, 316.2 ఉంటాయి, చూసుకోండి. ఎమ్మెస్ ఫ్లాట్ ముక్కకు ఒక చివర మేకు రంధ్రం, ఈ రెండు దూరాల్లో స్క్రైబర్ రంధ్రాలు పెడితే ట్రామెల్ (పెద్ద చాపాలు గీసే పట్టీ) అయిపోతుంది. 1250 గుణించు 2500 షీటులో పెద్ద చాపం శిఖరాన్ని ఒక పొడుగాటి అంచుకు ఆనిస్తే కేంద్రం ఎదుటి అంచుకు 20 మి.మీ. బయట పడుతుంది. అక్కడ అదే మందం తుక్కు ముక్క ఒకటి పెట్టి దాని మీద కేంద్రం పంచ్ చేయండి. కోణం ప్రొట్రాక్టర్‌తో పెట్టవద్దు. పెద్ద చాపం రెండు చివర్ల మధ్య సూటి దూరం 2128, చిన్నదానికి 538.3. టేపుతో ఆ రెండూ కొడితే చాలు. ఇందులో ప్రింటర్ లేదు, తేమ లేదు, జాయింట్ లేదు. సీమ్‌లో వెల్డింగ్ గ్యాప్ ఎంత వదులుతారో అంత తగ్గించుకోవడం మర్చిపోకండి.

ప్రింట్ డబ్బులకు విలువ వచ్చేది వేరే ముక్కలకు. మీ సైక్లోన్‌లోనే ఫ్యాన్ వైపు వచ్చే చతురస్రం నుంచి గుండ్రానికి మారే ముక్క, పైపు పైపును కోసుకునే చోటు, ముక్కల ఎల్బో, వై బ్రాంచ్. ఇవి చేత్తో విప్పాలంటే సగం రోజు పడుతుంది, సాఫ్ట్‌వేర్‌కు నిమిషాల పని. ఇందులో పైపు మీద చుట్టే కాగితానికి మాత్రం లెక్క తిరగబడుతుంది. అప్పటికే గుండ్రంగా ఉన్న పైపు మీద బయటి నుంచి చుడతాం కాబట్టి దానికి మధ్య వ్యాసం పనికిరాదు, బయటి వ్యాసం తీసుకోవాలి. 6 అంగుళాల పైపు బయటి వ్యాసం 168.3, చుట్టుకొలత 528.7. కానీ మీ చేతిలో ఉన్న పైపుకు టేపు చుట్టి ఎంత వస్తే అంతే వేయండి. పని సంఖ్య పది దాటితే, రంధ్రాలు ఎక్కువుంటే, డీఎక్స్‌ఎఫ్ పంపించి లేజర్ కటింగ్ చేయించండి. రవాణా కలిపినా చాలాసార్లు చవకే.

ఇక ఇప్పుడు కోసేసిన కోన్. దాన్ని తుక్కులో వేయకండి. సీమ్ ఖాళీ పైనా కిందా సమానంగా ఉంటే 3 మి.మీ. షీటులోంచే సూటి పట్టీ కోసి నింపవచ్చు. 10 మి.మీ. ఖాళీకి రెండు పక్కలా రెండేసి మి.మీ. గ్యాప్ వదిలితే పట్టీ 6 వెడల్పు, పొడవు 949. ముందు మూడు నాలుగు చోట్ల ట్యాక్ (చిన్న చుక్క వెల్డ్) వేసి పై రింగు, కింది ఫ్లాంజ్ రెండూ కూర్చుంటున్నాయో చూసి, తర్వాత అడుగుకొకటి చొప్పున వదులుతూ వెల్డ్ చేయండి, ఒకేసారి గీసుకుంటూ పోతే అంచు లోపలికి లాగేస్తుంది. ఖాళీ కిందకు సన్నబడుతూ ఉంటే పట్టీని కూడా అలాగే ఏటవాలుగా కోయాలి, అప్పుడు తప్పు ప్రింట్‌దని కూడా తేలినట్టే. ఎలా అయినా లోపలి వైపు వెల్డ్‌ను గ్రైండర్‌తో షీటు మట్టానికి దించండి. ఊక దుమ్ము గోడను రాసుకుంటూ తిరుగుతుంది, ఎత్తుగా ఉన్న చోట తగిలి అక్కడే షీటును తినేస్తుంది.